చేసిన సాయానికి లెక్క కట్టొచ్చా? భీమిలిలో తాతయ్య ఇల్లు నేర్పిన సంగతి



ఈసారి పురాణంతో కాకుండా మా ఇంటి గొడవతో మొదలుపెడతాను. పురాణం దగ్గరికి ఎలాగూ వస్తాం.

పోయిన ఏడాది మార్చిలో ఒక ఆదివారం రాత్రి మా బాబాయ్‌కి యూపీఐలో 7,640 రూపాయలు పంపాను. ఐదు నిమిషాల్లో మొత్తం వెనక్కి వచ్చేసింది. మెసేజ్ లేదు, ఫోన్ లేదు. పొరపాటున ఏదో నొక్కారేమో అనుకుని మళ్ళీ పంపాను. మళ్ళీ వచ్చేసింది. తర్వాతి శనివారం ఆయన పనికి రాలేదు.

నేనేం తప్పు చేశానో నాకు నిజంగా అర్థం కాలేదు. ఎనిమిది రోజులు పని చేశారు. రోజుకి 900 చొప్పున 7,200. ఆటో ఖర్చులు 440. లెక్క సరిగ్గానే ఉంది కదా!

ఆ పని ఏమిటో చెప్తాను. భీమిలిలో మా తాతయ్య కట్టించిన పెంకుటిల్లు ఉంది. భీమిలి అంటే భీమునిపట్నం. విశాఖ నుంచి బీచ్ రోడ్డు పట్టుకుని ఉత్తరంగా వెళ్తే పాతిక కిలోమీటర్ల పైచిలుకు. గోస్తనీ నది సముద్రంలో కలిసేది అక్కడే. డచ్చివాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు. మా ఇంటి అరుగు మీద కూర్చుంటే అలల చప్పుడు వినిపిస్తుంది. ఉప్పు గాలి మాత్రం ఇరవై నాలుగు గంటలూ తగులుతూనే ఉంటుంది.

పంపకాల్లో ఆ ఇల్లు నాన్నకి వచ్చింది, పొలం బాబాయ్‌కి వెళ్ళింది. ఎవరికి ఎక్కువ వచ్చిందన్న దాని మీద ఇద్దరికీ మాటలు తగ్గిపోయాయి. మేము విశాఖలోనే ఉంటున్నా ఆ ఇంటి వైపు వెళ్ళడం మానేశాం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కప్పు సగం ఎగిరిపోయింది. మేం వెళ్ళి చూసేసరికి దాని మీద టార్పాలిన్ కప్పి, తాళ్ళతో కట్టి, ఇసుక బస్తాలు పెట్టి ఉన్నాయి. ఎవరు చేశారో మాకు తెలుసు. నాన్న అడగలేదు, బాబాయ్ చెప్పలేదు.

నాకు ఉద్యోగం కాస్త నిలదొక్కుకున్నాక ఆ ఇల్లు బాగు చేయిద్దామనుకున్నాను. నాలుగు లక్షల్లో అయిపోతుందని ఎక్సెల్ షీట్ వేసుకున్నాను. సముద్రం పక్కన ఇల్లు షీట్ ప్రకారం నడవదని మొదటి వారంలోనే తెలిసింది.

గోడలే చూడండి. పాత ఇటుక గోడలు, సున్నం గచ్చు. తుఫాను తర్వాత ఎవరి మాటో విని, గట్టిగా ఉంటుందని బయటి వైపు సిమెంటు పూత వేయించాం. అసలు రోగం అక్కడే మొదలైంది. సున్నం గోడ లోపలి తేమని బయటికి వదిలేస్తుంది. సిమెంటు వదలదు. తేమ లోపలే ఉండిపోయి, దానితో పాటు ఉప్పు పేరుకుని, ఇటుకలు పొడి పొడిగా రాలిపోతున్నాయి. బయటి నుంచి చూస్తే గోడ నున్నగా ఉంది. గోరుతో గీకితే లోపల పిండి! వంటగది మీద తర్వాత పోయించిన స్లాబుదీ ఇంకో కథ. ఉప్పు లోపలికి దిగి ఇనుప ఊచలు తుప్పు పట్టాయి. తుప్పు పట్టిన ఊచ ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటుని పగలగొడుతుంది. పెచ్చులు ఊడి అన్నం గిన్నెలో పడే పరిస్థితి. వాసాలకి చెద. పైగా తీర ప్రాంత నిబంధనల వల్ల పాత పునాది దాటి ఒక్క అడుగు కూడా పెంచడానికి లేదు. ఉన్నదాన్నే బాగు చేసుకోవాలి.

డబ్బులు చాలవని తేలిపోయాక మనుషులు వచ్చారు. పిలవకుండానే వచ్చారు. కాలేజీ స్నేహితులు ఐదుగురు, శని ఆదివారాలు. వాళ్ళలో ఒకడు ఎలక్ట్రికల్ చదివాడు, వైరింగ్ మొత్తం వాడే చూసుకున్నాడు. మిగతావాళ్ళు సిమెంటు పూత చెక్కారు, పెంకులు దించి, కడిగి, పగిలినవి ఏరి పక్కన పెట్టారు. రెండో శనివారం పొద్దున్నే లుంగీ పైకి కట్టుకుని బాబాయ్ గేటు తీసుకుని లోపలికి వచ్చారు. నాన్న అరుగు మీదే ఉన్నారు. ఇద్దరూ ఏం మాట్లాడుకోలేదు. బాబాయ్ నిచ్చెన తీసుకుని పైకి ఎక్కేశారు, అంతే.

కూలీకి వచ్చినవాళ్ళ విషయం వేరు. తాపీ మేస్త్రీకి, వడ్రంగికి ఏ రోజు కూలీ ఆ సాయంత్రమే ఇచ్చేవాళ్ళం. ఒకసారి నేను తెలివి చూపించబోయాను. "మేస్త్రీ గారూ, అందరం మనవాళ్ళమే, ఆదివారం సగం రేటుకి రాకూడదా?" అన్నాను. పైనున్న బాబాయ్ కిందికి దిగి వచ్చి మరీ తిట్టారు. "ఆయనకి మనం చుట్టాలం కాదు రా, కూలీ ఇవ్వాల్సినవాళ్ళం. ప్రేమ పేరు చెప్పి కూలీ కొయ్యకు." అది వెంటనే అర్థమైంది. ఇంకొకరి కష్టానికి ఇవ్వాల్సిన డబ్బు ఆపడం తప్పు. అందులో చర్చ లేదు.

కానీ ఆ మాట నాకు సగమే అర్థమైంది. కూలీ బాకీ ఉంచకూడదంటే, అసలు ఏ బాకీ ఉంచకూడదని అర్థం చేసుకున్నాను. పని చివరికొచ్చాక షీట్ తెరిచి అందరి పేర్లూ రాశాను. బాబాయ్‌కి రోజుల లెక్కన కూలీ. స్నేహితులకి పెట్రోలు. వైరింగ్ చేసినవాడికి 1,850. ఆ ఆదివారం రాత్రి కూర్చుని అందరికీ ఒకేసారి పంపేశాను. మనసు తేలికైపోయింది. ఆఫీసులో పెండింగ్ టికెట్లు అన్నీ క్లోజ్ చేసినప్పుడు వస్తుందే, అలాంటి హాయి.

ఐదు నిమిషాల్లో బాబాయ్ డబ్బు వెనక్కి వచ్చింది.

బుధవారం వాళ్ళింటికి వెళ్ళాను. పిన్ని తలుపు తీసింది, మంచినీళ్ళు ఇచ్చింది. బాబాయ్ పేపర్ మడిచి పక్కన పెట్టి, కోపంగా కాదు, మామూలుగానే అన్నారు: "మీ నాన్న కూడా ఇంతే రా. లెక్క తేలిపోతే మనిషితో పని తేలిపోయినట్టే అనుకుంటాడు."

తిరిగి వచ్చే దారంతా ఆ మాటే. నేను ఆయనకి మేలు చేశాననుకున్నాను. ఆయనకి అర్థమైంది ఇంకొకటి: "మీకు మేం ఏమీ బాకీ లేము, ఇక మీరు వెళ్ళొచ్చు." ఆలోచిస్తే, నా మనసులో కూడా ఆ హాయికి కారణం అదే. ఎవరి దగ్గరా తల వంచక్కర్లేదు అన్న హాయి. దానికి నేను పెట్టుకున్న పేరు నిజాయితీ. అందులో సగం అహంకారం.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. ఏప్రిల్‌లో ఇంకో స్నేహితుడు మాటల్లో చెప్పాడు: వైరింగ్ చేసినవాడికి జనవరిలోనే ఉద్యోగం పోయిందట. ఇంట్లో కూడా చెప్పలేదట. శని ఆదివారాలే కాదు, వాడు మంగళవారం, గురువారం కూడా వచ్చి పని చేసేవాడు. "మామా, ఆఫీసు లేదా?" అని నేను అడిగింది ఒక్కసారి. "వర్క్ ఫ్రమ్ హోమ్ రా" అన్నాడు. నేను "సరే" అని షీట్‌లో పెట్రోలుకి ఇంకో రోజు కలిపాను!

మూడు నెలలు వాడు నా పక్కనే నిలబడి నా ఇంట్లో దీపాలు వెలిగేలా చేస్తున్నాడు. వాడి ఇంట్లో ఏం జరుగుతోందో నేను చూడలేదు. ఎందుకు చూడలేదు? వాడికి ఎంత ఇవ్వాలో నాకు తెలుసు కాబట్టి. 1,850. అంకె తెలిసిపోయాక మనిషి వైపు చూడాల్సిన అవసరం రాలేదు.

ఇక్కడ రామాయణం గుర్తు చేసుకోవాలి. పట్టాభిషేకం అయ్యాక వానరులందరినీ రాముడు సాగనంపే ఘట్టం వాల్మీకి ఉత్తరకాండలో ఉంది. హనుమంతుడి దగ్గరికి వచ్చేసరికి రాముడు చెప్పేది వినండి. నువ్వు చేసిన ఒక్కొక్క ఉపకారానికి నా ప్రాణం ఇవ్వొచ్చు, మిగిలిన ఉపకారాలకి మేం నీకు ఋణపడే ఉంటాం అంటాడు. అంతటితో ఆగడు. నువ్వు చేసిన ఉపకారం నా ఒంట్లోనే జీర్ణమైపోవాలి అంటాడు. ఎందుకంటే, మనిషికి తిరిగి ఉపకారం చేసే అవకాశం వచ్చేది ఆ మనిషి ఆపదలో ఉన్నప్పుడే.

మొదటిసారి చదివినప్పుడు నాకిది వింతగా అనిపించింది. మాట తప్పని రాముడు బాకీ తీర్చనంటున్నాడేమిటి? నిదానంగా ఆలోచిస్తే అర్థమవుతుంది. నువ్వు నాకు చేసింది సీతను వెతికిపెట్టడం. దానికి సరిసమానంగా నేను తీర్చాలంటే నీకూ అలాంటి కష్టం రావాలి. "నీ ఋణం తీర్చేసుకుంటాను" అని తొందరపడటం అంటే, ఒక విధంగా, నీకు ఆపద రావాలని కోరుకోవడమే. అందుకని రాముడు కోరుకోలేదు. ఋణపడి ఉండటానికే ఒప్పుకున్నాడు. అయోధ్యకి రాజు, ఒక వానరుడి ముందు "నేను నీకు బాకీ" అని చెప్పడానికి సిగ్గుపడలేదు. అలాగని చేతులు దులుపుకోనూ లేదు. తన మెడలో హారం తీసి హనుమంతుడి మెడలో వేశాడు. హారం ఇచ్చాడు కానీ "చెల్లు" అనలేదు. ప్రేమగా ఇవ్వడం వేరు, లెక్క మూసేయడానికి ఇవ్వడం వేరు.

ఈ కథలో ఇంకో సంగతి నన్ను బాగా గుచ్చింది. తిరిగి ఉపకారం చేసే సమయం ఆపదలో వస్తుంది అంటే, ఆపద వచ్చిందని మనకి తెలియాలి కదా? ఋణం మోస్తున్నవాడు కనిపెట్టుకుని ఉంటాడు. ఎలా ఉన్నాడు, మొహం ఎందుకలా ఉంది, గురువారం పూట ఎందుకు ఖాళీగా ఉన్నాడు అని చూస్తూ ఉంటాడు. ఋణం తీరిపోయిందనుకున్నవాడు ఫోన్ పక్కన పెట్టేసి పడుకుంటాడు. నేను పడుకున్నాను.

ఇక్కడ మీకో సందేహం రావాలి. నాకూ వచ్చింది. "బాగుంది, అయితే అందరి దగ్గరా తీసుకుంటూ, ఋణం మోస్తున్నామని చెప్పుకుంటూ తిరగొచ్చా?" కుదరదు. గీత మూడో అధ్యాయంలో యజ్ఞం గురించి చెప్తూ కృష్ణుడు గట్టి మాటే అంటాడు. దేవతలు ఇచ్చినది తిరిగి ఇవ్వకుండా అనుభవించేవాడు దొంగే. అంటే తీసుకుని కూర్చోవడం ధర్మం కాదు. మరి రాముడి మాటకి, కృష్ణుడి మాటకి పొంతన ఎక్కడ?

నాకు దొరికిన సమాధానం శతపథ బ్రాహ్మణంలో ఉంది. దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అని మూడు ఋణాల గురించి మనలో చాలామంది విన్నాం. శతపథ బ్రాహ్మణం నాలుగోది కూడా చెప్తుంది: మనుష్యఋణం. మనిషిగా పుట్టిన ప్రతివాడూ తోటి మనుషులకి బాకీతోనే పుడతాడు. అది తీరేది ఎలాగంటే, మనుషులకి ఉండటానికి చోటు ఇవ్వడం, తినడానికి అన్నం పెట్టడం. గమనించారా? ఎవరు మనకి చేశారో వాళ్ళకే, అంతే మొత్తం తిరిగి ఇమ్మని లేదు. చేసినవాళ్ళ పట్ల ఋణం మనసులో నిలుపుకోవాలి. చెయ్యి మాత్రం ఆగకూడదు, అది ఎదురొచ్చినవాళ్ళ వైపు చాపుతూనే ఉండాలి. అప్పుడు రాముడి మాటా నిలబడుతుంది, కృష్ణుడి మాటా నిలబడుతుంది.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. కొంతమంది చుట్టాలు సాయం చేసి, దాన్నే పలుపుతాడులా మెడకి కడతారు. ఏ పెళ్ళిలో కలిసినా "మేం లేకపోతే వీడి చదువు ఎక్కడ?" అంటారు. గీత పదిహేడో అధ్యాయం దానాలని మూడు రకాలుగా చెప్పింది. తిరిగి ఏమీ చేయలేనివాడికి, ఇవ్వాలి కాబట్టి ఇచ్చేది సాత్వికం. బదులు ఆశించి ఇచ్చేది రాజసం. రాజసంగా ఇచ్చినవాళ్ళ బాకీ అణా పైసలతో సహా తీర్చేసి దండం పెట్టి బయటపడటంలో తప్పు లేదని నా అభిప్రాయం. కానీ లుంగీ పైకి కట్టి నిచ్చెన ఎక్కిన బాబాయ్‌ని, గురువారం వచ్చిన స్నేహితుడిని ఆ లెక్కలో వేయడం పాపం.

మన పెద్దవాళ్ళకి ఇదంతా శాస్త్రం చదవకుండానే తెలుసు. మా నానమ్మ దగ్గర చదివింపుల పుస్తకం ఉండేది. ఎవరి పెళ్ళిలో ఎవరు ఎంత చదివించారో పేరు పేరునా రాసి ఉండేది. ఇది కూడా లెక్కే కదా అనొచ్చు. కానీ ఆ లెక్క మర్నాడే తీర్చేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? పెళ్ళిలో చదివించిన డబ్బు మర్నాడు పొద్దున్నే తీసుకెళ్ళి ఇచ్చేస్తే చుట్టరికం తెగిపోతుంది. వాళ్ళింట్లో శుభకార్యం వచ్చేదాకా ఆగాలి. ఏళ్ళు పట్టినా ఆగాలి. ఇచ్చేది కూడా గుండ్రంగా వంద ఇవ్వం, నూట పదహార్లు ఇస్తాం. దీనికి పెద్దలు చెప్పే అర్థాలు వేరే ఉండొచ్చు. నాకు మాత్రం ఇలా తోస్తుంది: మన మధ్య లెక్క ఎప్పుడూ సున్నాకి రాకూడదు, ఎవరో ఒకరి వైపు కాస్త మిగిలే ఉండాలి.

షీట్ మళ్ళీ ఒకసారి తెరిచి చూసుకున్నాను. ఇరవై రెండు వరుసలు ఉన్నాయి. మేకులు ఎన్ని కిలోలో కూడా ఉంది. పదకొండు వారాంతాలు పన్నెండు మందికి వంట చేసిన అమ్మ పేరు లేదు. క్యారేజీలు కట్టి పంపిన పిన్ని పేరు లేదు. అందరికీ ఇచ్చేశానని హాయిగా పడుకున్న రాత్రి, ఆ ఇద్దరూ నాకు గుర్తే రాలేదు. గుర్తొచ్చి ఉంటే వాళ్ళకీ ఏదో అంకె వేసి ఉండేవాడిని, అది ఇంకా ఘోరం.

ఇంటి మాటకొస్తే, ఖర్చు ఆరు లక్షలు దాటింది. బ్యాంకు లోను ఉంది. కాబట్టి సీజన్‌లో ముందు గదులు అద్దెకి ఇస్తున్నాం, అది దాచాల్సిన విషయం కాదు. మొదట ఇల్లంతా ఇద్దామనే నా ప్లాను. ఇప్పుడు వెనక గది ఎవరికీ ఇవ్వడం లేదు. దాని తాళం బాబాయ్ దగ్గర ఉంది. ఆ ఇంట్లో చెయ్యి వేసినవాళ్ళు ఎవరైనా, వాళ్ళు పంపిన వాళ్ళెవరైనా అడగకుండా వచ్చి ఉండొచ్చు. మే నెలలో నా స్నేహితుడు అక్కడే మూడు వారాలు ఉండి ఇంటర్వ్యూలకి చదువుకున్నాడు. నేను రోజూ సాయంత్రం వెళ్ళేవాడిని. ఏమీ చేసేవాడిని కాదు, ఇద్దరం అరుగు మీద కూర్చునేవాళ్ళం. జూన్‌లో వాడికి ఉద్యోగం వచ్చింది. అందులో నా గొప్ప ఏమీ లేదు, నేను చెయ్యాల్సిన పని జనవరిది, మే నెలలో చేశాను.

ఆ మధ్యలో, ఏప్రిల్ చివర మంచి రోజు చూసుకుని పాలు పొంగించాం. బాబాయ్, పిన్ని వచ్చారు. బాబాయ్ నా చేతిలో ఒక కవరు పెట్టి, "ఇది మాత్రం తిప్పి పంపకు రా" అన్నారు. అందులో నూట పదహార్లు ఉన్నాయి. తీసుకున్నాను. కళ్ళకద్దుకుని దేవుడి దగ్గర పెట్టాను.

భోజనాలయ్యాక ఆయన అరుగు దిగుతుంటే నాన్న ఒక్కసారిగా, "నీ మోకాలు ఇంకా నొప్పేనా? డాక్టరుకి చూపించావా?" అని అడిగారు. బాబాయ్ నిచ్చెన ఎక్కిన ఎనిమిది రోజులూ కుంటుతూనే ఎక్కారని నాకు అప్పుడే తెలిసింది. నాన్న మాత్రం అరుగు మీద కూర్చుని అన్ని రోజులూ చూస్తూనే ఉన్నారన్నమాట.

"చూపించలేదన్నయ్యా" అన్నారు బాబాయ్.

"సోమవారం నేను వస్తాను, వెళ్దాం."

ఈ వారం ఒక పని చేసి చూడండి. మీ కోసం ఎవరో ఎప్పుడో చేసిన ఒక సాయం గుర్తు చేసుకోండి. దానికి డబ్బు పంపకండి, గిఫ్ట్ ఆర్డర్ చేయకండి. ఫోన్ చేసి ఎలా ఉన్నారో అడగండి. "బాగానే ఉన్నాం" అంటారు. ఇంకోసారి అడగండి.

జై శ్రీరామ్.